ఇంధనపు పంపు ఆగిన కారు: లోపమును కనుగొను క్రమము

నేడు పల్లెలలో కారు విలాసవస్తువు కాదు. నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకును, పరీక్షకు పోవు పిల్లలను పట్టణమున దింపుటకును, శుభమునకును, అశుభమునకును ఊరివారు పిలుచునది ఆ ఊరి అద్దెకారునే. అట్టి కార్లలో పెక్కు పదునైదు, ఇరువది యేండ్లు నడచి, చేతులు మారి వచ్చినవి. అవి దారి నడుమ ఆగిపోయినచో కలుగు ఇబ్బంది యజమానికి మాత్రమే కాదు, అందు కూర్చున్నవారికిని కలుగును.

ఇట్లాగిన కారును చూచినంతనే "పంపు పోయింది" అని తేల్చి, క్రొత్త పంపు వేయుట అలవాటైనది. పంపు వెల కొన్ని వేల రూపాయలు. వేసిన కొలది దినములకే కారు మరల ఆగినచో ఆ సొమ్ము వ్యర్థమే. పెక్కు పర్యాయములు దోషము పంపునందుండదు. పంపునకు విద్యుత్తు సరిగా అందకుండుటయే దోషము. ఈ రెంటిని వేరుపరచి తెలిసికొనుట అసాధ్యమైన పని కాదు. కొద్దిపాటి వెల గల మల్టీమీటరును, క్రమముగా పరీక్షించు ఓపికయు ఉన్న చాలును. ఆ క్రమమును ఈ పాఠమున తెలిసికొందము.

పంపు చేయు పని

టాంకులోని పెట్రోలును ఇంజనునకు చేరవేయునది ఇంధనపు పంపు. మెకానిక్కులు దీనినే ఫ్యూయల్ పంపు అందురు. పూర్వము మోరిస్ మైనర్ వంటి కార్లలో ఎస్.యు. అను పేరుగల విద్యుత్ పంపు ఉండెడిది. తాళము త్రిప్పగానే అది టిక్కు టిక్కుమని కొట్టుకొని, కార్బురేటరు నిండగానే ఊరకుండెడిది. దానిలోని పాయింట్లు మసిబారినచో పంపు ఆగెడిది. పైన చిన్న దెబ్బ వేయగా మరల కదలెడిది. నాటి డ్రైవర్లు ఆ శబ్దమును బట్టియే లోపమును గుర్తించెడివారు.

2000వ సంవత్సరము ప్రాంతమున మన దేశమున వాహనముల పొగపై నియమములు కఠినమగుటతో పెట్రోలు కార్లలో కార్బురేటరు స్థానమును ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమింపసాగెను. ఈ పద్ధతి గల కార్లలో పంపు సాధారణముగా టాంకు లోపలనే పెట్రోలులో మునిగియుండును. ఆ పెట్రోలే దానిని చల్లబరచును. కావున టాంకు ఎల్లపుడు అడుగంటియుండగా కారు నడుపుట పంపునకు చేటు. ఈ కార్లు పెక్కింట పెట్రోలును సుమారు 3 బార్ల ఒత్తిడితో పంపవలసియుండును. అందువలన పంపు మోటారు చిన్నదైనను సాధారణముగా 4 మొదలు 7 ఆంపియర్ల వరకు విద్యుత్తును తీసికొనును.

విద్యుత్తు నడచు దారి

కాలువ నీరు తూములను, పిల్లకాలువలను దాటి చివరి పొలమును చేరునట్లు, విద్యుత్తు బ్యాటరీనుండి బయలుదేరి కొన్ని మజిలీలను దాటి పంపును చేరును.

మొదటి మజిలీ ఫ్యూజు. పంపు ఫ్యూజు చాల కార్లలో 15 ఆంపియర్లది; దాని రంగు నీలము. రెండవ మజిలీ రిలే. రిలే అనగా కొద్ది విద్యుత్తుతో ఎక్కువ విద్యుత్తును కలుపు మీట. సాధారణమైన రిలే అడుగున నాలుగు కాళ్లుండును. 85, 86 అంకెలు గల కాళ్ల నడుమ తీగచుట్ట యుండును. ఇంజను కంట్రోలు యూనిట్టు ఈ చుట్టకు విద్యుత్తునిచ్చినపుడు అది అయస్కాంతమై, 30, 87 అంకెలు గల కాళ్లను కలుపును. అప్పుడు పంపునకు పోవు విద్యుత్తు ఆ రెండు కాళ్ల గుండ ప్రవహించును. అక్కడినుండి తీగ కారు పొడవునను నడచి, వెనుక సీటు క్రిందనో, డిక్కీ ప్రక్కనో ఉన్న కప్లరును చేరి, పంపులోనికి పోవును.

దారి అంతటితో ముగియదు. పంపును నడపిన విద్యుత్తు తిరిగి బ్యాటరీని చేరవలెను. దానికై పంపు రెండవ తీగను కారు ఇనుప శరీరమునకు మరతో బిగింతురు. ఇదే ఎర్తు. పొలమునకు నీరు వచ్చుట ఎంత ముఖ్యమో మురుగు పోవుటయు అంత ముఖ్యము. ఎర్తు మర తుప్పు పట్టినచో, ముందువైపు అంతయు బాగుగానున్నను పంపు నడువదు.

చివరి పొలమునకు నీరందనిచో తెలివిగల రైతు పొలమును నిందింపడు. పార భుజమున వేసికొని కాలువగట్టు వెంట నడచి, గండి ఎక్కడ పడినదో చూచును. పంపు విషయమునను మనము చేయవలసినది అదియే.

ముందుగా జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలబారుగా వ్యాపించి, దూరముననున్న నిప్పునుకూడ అందుకొనగలదు. కావున ఈ పరీక్షలను మూసిన కొట్టములో కాక, ఆరుబయట, గాలి తగులుచోట చేయవలెను. దాపున బీడీ, పొయ్యి, దీపము ఉండరాదు. పెట్రోలు వాసన గట్టిగా వచ్చుచున్నచో విద్యుత్ పరీక్షలు మాని, కారుట ఎక్కడనో ముందు చూడవలెను. తీగలను విప్పునపుడు తాళము ఆపి, బ్యాటరీ నెగటివు తీగను తీయవలెను. ఇంధనపు గొట్టములను ఒత్తిడి తగ్గింపక విప్పరాదు. పెట్రోలు ముఖముపై చిమ్మును. టాంకునుండి తీసిన పంపును గాలిలో నడిపి చూచుట మిక్కిలి ప్రమాదకరము. దాని నిప్పురవ్వ చాలును, ప్రాణము తీయుటకు.

మరియొక మాట. ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నచో పెద్ద ఫ్యూజు వేయుటగాని, తీగముక్క చుట్టుటగాని చేయరాదు. కాలిన ఫ్యూజు కాపలావాని కేక వంటిది. వాని నోరు నొక్కినంత మాత్రమున దొంగ పోడు.

చెవితో చేయు పరీక్ష

వెనుక సీటునొద్ద ఒకరిని కూర్చుండబెట్టి, సెల్ఫు కొట్టక తాళమును మాత్రము త్రిప్పవలెను. చాల కార్లలో పంపు సుమారు 2 సెకండ్లు "గుయ్" మని మ్రోగి ఆగును. ఇంజను తిరుగుచున్న సంకేతము వచ్చినగాని కంట్రోలు యూనిట్టు దానిని మరల నడుపదు. ప్రమాదమున ఇంజను ఆగినపుడు పంపు పెట్రోలును చిమ్ముచుండరాదని ఈ ఏర్పాటు. కొన్ని కార్లలో సెల్ఫు కొట్టినపుడే పంపు నడచును. మన కారు అలవాటును అది బాగుగానున్న దినములలోనే విని తెలిసికొనుట మేలు.

శబ్దము వినబడక, ఇంజను బొమ్మ గల హెచ్చరిక దీపము కూడ వెలుగకున్నచో, కంట్రోలు యూనిట్టునకే విద్యుత్తు లేదని అనుమానింపవలెను. అప్పుడు చూడవలసినది ప్రధాన ఫ్యూజును, ప్రధాన రిలేను. దీపము వెలిగియు శబ్దము లేనిచో పంపు ఫ్యూజు, రిలే, తీగలు, పంపు వీటిలో నొకటి చెడినదని భావింపవచ్చును. తాళము త్రిప్పినపుడు పంపు మ్రోగి, సెల్ఫు కొట్టుచున్నంతసేపు ఊరకున్నచో, ఇంజను తిరుగుటను తెలుపు సెన్సారును ముందు చూడవలెను, పంపునకు దోషమంటగట్టరాదు. కొన్ని కార్లలో గట్టి కుదుపు తగిలినపుడు పంపును ఆపు మీట యుండును. గోతిలో పడిన తరువాత కారు ఆగినచో ఆ మీటను నొక్కి చూడవలెను.

పంపు మ్రోగినదన్నంత మాత్రమున విద్యుత్తు నిండుగా అందుచున్నదని తలపరాదు. అరకొర విద్యుత్తుతోను పంపు మ్రోగును. కాని కావలసిన ఒత్తిడిని ఇయ్యదు.

ఫ్యూజు, రిలే

ఫ్యూజును కంటితో చూచి వదలక, దాని రెండు ప్రక్కలను మీటరుతో చూడవలెను. రిలేను పరీక్షించుటకు సులభమైన మార్గము, అదే నమూనా, అదే అంకెలు గల మరియొక రిలేను, హారను రిలే వంటిదానిని, దాని స్థానమున పెట్టి చూచుట. రిలే "టక్కు" మనినదని దానిని వదలిపెట్టరాదు. ఆ శబ్దము తీగచుట్ట పనిచేయుచున్నదని మాత్రమే తెలుపును. లోపలి పాయింట్లు కాలియుండవచ్చును. టంకపు అతుకు పగిలి, వేడికి విడిపోవుచుండవచ్చును. ఎండలో ఆగి, చల్లబడినపుడు నడచు కార్లలో ఈ లోపము తరచు కనబడును.

మోసగించు కొలత

ఇక్కడ పలువురు చేయు పొరపాటొకటి కలదు. పంపు కప్లరును విడదీసి, మీటరు పెట్టి, 12 వోల్టులు చూపగానే "కరెంటు వస్తోంది, పంపే పోయింది" అందురు. ఈ తీర్పు సరికాదు.

మిద్దెపై నీటిటాంకునుండి దిగు గొట్టములో చెత్త అడ్డుపడెననుకొందము. కొళాయి కట్టియున్నంతసేపు కొళాయివద్ద ఒత్తిడి నిండుగానే యుండును. కొళాయి విప్పినంతనే సన్నని ధార వచ్చును. విద్యుత్తు విషయమును ఇట్లే. మీటరు తీసికొను విద్యుత్తు లెక్కకు రానంత స్వల్పము. అందుచే తుప్పు పట్టిన అతుకు గుండ కూడ అది 12 వోల్టులను చూపును. పంపు 5 ఆంపియర్లు లాగినపుడే అతుకు బండారము బయటపడును. ఆ అతుకున 0.6 ఓము నిరోధమున్నచో 5 ఆంపియర్లకు 3 వోల్టులు అక్కడనే హరించుకొనిపోవును. పోయిన ఆ విద్యుత్తు 15 వాట్ల వేడియై కప్లరును, తీగ తొడుగును కరగించును. పంపు నెమ్మదించును, చదునుదారిలో నడచిన కారు ఎత్తు ఎక్కలేక ఆగును.

కావున కప్లరును కలిపియుంచి, పంపు నడచుచుండగా, కప్లరు వెనుకవైపునుండి సన్నని సూదులను చేర్చి కొలువవలెను. తీగ తొడుగును గ్రుచ్చరాదు. ఆ రంధ్రమున నీరు చేరి తరువాత తీగను తినును. మీటరు లేనివారు 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బునకు రెండు తీగలు అతికి, పంపు కప్లరువద్ద పెట్టి చూడవచ్చును. అది 1.75 ఆంపియర్లు తీసికొనును గనుక బలహీనమైన అతుకును కొంతవరకు బయటపెట్టును. బ్యాటరీవద్ద వెలిగినంత కాంతితో ఇక్కడను వెలుగుచున్నదా అని పోల్చవలెను. ఈ బల్బును కంట్రోలు యూనిట్టు సన్నని తీగలపై మాత్రము పెట్టరాదు; అది చెడిపోవచ్చును.

ఒక ఉదాహరణము

ఒక మెట్ట గ్రామమున అద్దెకారు నడుపు యువకుడొకడు కలడు. వేసవిలో పది కిలోమీటర్లు పోగానే అతని కారు ఆగెడిది. అరగంట చల్లారిన పిమ్మట కదలెడిది. కప్లరువద్ద 12 వోల్టులు వచ్చుచున్నవని చూచి, పంపు పోయినదని చెప్పగా, అతడు అప్పు చేసి క్రొత్త పంపు వేయించెను. పండ్రెండవ నాటి రాత్రి, నొప్పులు పడుచున్న ఇల్లాలిని ఆసుపత్రికి తీసికొని పోవుచుండగా కారు మరల ఆగెను. 108 వాహనము వచ్చుటచే తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడిరి. కాని ఆ పిమ్మట ఊరివారు అతని కారు పిలుచుటకు జంకిరి.

అతడు మండల కేంద్రమునగల ఒక వృద్ధ ఎలక్ట్రీషియను వద్దకు పోయెను.

"పంపు కొత్తదేనండీ. వేసి పట్టుమని పదిహేను రోజులు కాలేదు" అని యువకుడు చెప్పెను.

"అయితే పంపు జోలికి పోవద్దు బాబూ. కరెంటు ఎక్కడిదాకా నిండుగా వస్తోందో, ఎక్కడ తగ్గిపోతోందో చూద్దాం" అని ఆ వృద్ధుడనెను.

కారును పది కిలోమీటర్లు నడిపి వేడెక్కించి, ఇంజను నడచుచుండగానే అతడు కొలతలు తీసెను. బ్యాటరీవద్ద 13.8 వోల్టులు. పంపు కప్లరువద్ద రెండు తీగల నడుమ 9.6 వోల్టులు. అనగా 4.2 వోల్టులు దారిలో పోవుచున్నవి. పంపు ఎర్తు తీగకును బ్యాటరీ నెగటివునకును నడుమ మీటరు పెట్టగా 0.2 వోల్టు మాత్రమే చూపెను. కనుక ఎర్తు బాగుగనే యున్నది. తక్కిన 4 వోల్టులు ముందుదారిలోనే పోవలెను.

అంతట మీటరు ఒక కొనను పొడవైన తీగతో బ్యాటరీ పాజిటివునకు కలిపి, రెండవ కొనను మజిలీ వెంట మజిలీకి జరుపుచు పోయెను. ఫ్యూజు దాటినచోట 0.1, రిలే 30వ కాలివద్ద 0.2; 87వ కాలివద్ద 0.4; వెనుక కప్లరువద్ద 4.0. ఈ అంకెలు ఆయా చోటికి చేరులోపల పోయిన వోల్టులు. 0.4 నుండి 4.0 నకు ఎగబ్రాకినది రిలేకును వెనుక కప్లరునకును నడుమ. గండి అక్కడనే కలదు.

తలుపు క్రింది తివాచీ ఎత్తి చూడగా, పూర్వపు యజమాని దొంగభయమున పెట్టించి, తరువాత తీయించిన అలారము తాలూకు అతుకు కనబడెను. పంపు తీగను కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి వదలిరి. రాగి పోగులు చిలుముపట్టి పచ్చబడి, టేపు కరగియుండెను. వేడెక్కినకొలది ఆ అతుకు నిరోధము పెరిగెడిది, చల్లారగా తగ్గెడిది. ఎండలో కారు ఆగుటకు, అరగంటకు మరల నడచుటకు కారణమదియే. నాడు కప్లరు విప్పి చూచినవారికి 12 వోల్టులు కనబడుటకు కారణము అప్పుడు పంపు విద్యుత్తును లాగకుండుట.

చెడిన భాగమును కోసివేసి, అదే లావు గల క్రొత్త తీగముక్కను గట్టిగా అతికి, నీరు చొరకుండ తొడుగు వేసిరి. మరల కొలువగా పంపువద్ద 13.1 వోల్టులు వచ్చెను. మూరెడు తీగతో పోవలసిన పనికి అంతకుముందు పంపు వెల ఖర్చయ్యెను.

మన కార్లలో ఎక్కడ చూడవలెను

పాజిటివు దారిలోగాని, ఎర్తు దారిలోగాని పంపు నడచుచుండగా పోవు వోల్టులు అర వోల్టు ప్రాంతమున నిలిచినచో ఆ దారిని నమ్మవచ్చును. ఒక వోల్టు దాటినచో వెదకవలెను. పల్లె కార్లలో ముందు చూడదగిన చోట్లు కొన్ని కలవు. గడ్డివాము ప్రక్కనో, ధాన్యపు కొట్టము దాపుననో నిలుపు కారు తీగలను ఎలుకలు కొరుకును. వరదనీట తడిసిన కార్లలో సీటు క్రింది కప్లర్లు చిలుముపట్టును. ఎర్తు మర క్రింద తుప్పు చేరును. గ్యాసు కిట్టును, అలారమును అమర్చినపుడు తెగగోసి కలిపిన అతుకులు కాలక్రమమున వదులగును. కారు కొనునపుడే ఇట్టి అతుకులు ఎన్ని యున్నవో అడిగి తెలిసికొనుట మంచిది.

పంపే చెడినదని చెప్పుట ఎప్పుడు?

కప్లరు కలిపియుండగా, రిలే విద్యుత్తును పంపుచుండగా, పంపు రెండు తీగల నడుమ బ్యాటరీకి దాదాపు సమానమైన వోల్టులు కనబడియు పంపు కదలనిచో, పంపుగాని, టాంకు మూత లోపలి దాని తీగగాని చెడినదని నిశ్చయింపవచ్చును. వోల్టులు నిండుగానుండి, పంపు మ్రోగియు, గేజితో చూచిన ఒత్తిడి తక్కువగానున్నచో, జల్లెడ మూసికొనిపోవుటయో, పంపు అరగిపోవుటయో కారణము. అప్పుడు టాంకు తెరవవలసియుండును గనుక ఆ పనిని అనుభవముగల మెకానిక్కు చేతనే చేయింపవలెను.

కారును మెకానిక్కునకు అప్పగించునపుడు యజమాని అడుగవలసిన ప్రశ్న ఒక్కటి కలదు: "పంపు నడుస్తున్నప్పుడు దాని దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయి?" ఈ ప్రశ్నకు అంకెతో సమాధానము వచ్చినపిమ్మటనే పంపు కొనవలెను. అంకె తెలియకుండ మార్చిన పంపు బాగుచేసినది కారునో, ఊహనో చెప్పజాలము. అర్ధరాత్రి తలుపు తట్టి కారు పిలుచువారు ఆ డ్రైవరును నమ్మి వత్తురు. ఆ నమ్మకమును నిలుపుకొనుటకు పట్టు కాలము మీటరు చేతబట్టిన ఒక గంట మాత్రమే.